సైకిలెక్కిన గద్ద

ముందుగా వినిపించింది సైకిలు గంట, చెవికి తగిలించుకున్న రేడియోలోంచి. నీళ్ళ ట్యాంకు కప్పు మీద దుర్భిణి పట్టుకుని బోర్లా పడుకున్న అమ్మాయికి సైకిలు గానీ, దాన్ని తొక్కే మాస్టారు గానీ ఇంకా కనిపించలేదు.

“అదేమిటి మాస్టారూ, ట్రింగు ట్రింగుమని? యుద్ధవిమానానికి గంట ఉంటుందా?”

“ఉండదు. కానీ యుద్ధవిమానానికి మేక కూడా అడ్డం రాదు కదా. జరుగమ్మా, జరుగు… నిన్ను కాదు, మేకని.”

“ఎక్కడున్నారు మీరు?”

“అది నేను చెప్పకూడదు, నువ్వు కనుక్కోవాలి. ముందు నిబంధనలు విను.”

“కంఠతా వచ్చండీ.”

“వచ్చినా వినాలి. ఆఫీసులో రికార్డవుతోంది. ఇవాళ నా మైకు ఆపడానికి లేదు, మీట నొక్కి రబ్బరు బ్యాండు బిగించి పంపారు. ఒకటి: ఈ సైకిలు విమానం. నవ్వకు.”

“నవ్వలేదండీ.”

“ఊపిరి వినిపిస్తోంది. రెండు: నువ్వు నేలమీది దళంతో ఉన్న మనిషివి, నేను పైనుంచి వచ్చే గద్దని. శత్రువు ఏ గుమ్మం వెనక ఉన్నాడో నీకు తెలుసు, నాకు తెలియదు. నీ కంటికి కనిపించేది నా కంటికి కనిపించేట్టు మాటలతోనే చెయ్యాలి. మూడు: కనిపించిందని నేను నా నోటితో అంటేనే నువ్వు పాసు.”

“పాసైతే రేపు పొద్దున్న లారీలో దళంతో కొండెక్కుతాను. ఫెయిలైతే మళ్ళీ స్టోర్సులో దుప్పట్లు మడతపెట్టుకుంటాను. నాలుగు: పావుగంటలో ముగించాలి.”

“నాలుగు నా కోసం. విమానంలో ఇంధనం పావుగంటకి సరిపోతుంది. మోకాళ్ళలో అంతకూడా లేదు.”

“దొరికారు మాస్టారూ! మార్కెట్టు గేటు దగ్గర, మేకకి ఇవతల. టోపీ వంకరగా ఉంది.”

“టోపీ సంగతి నీకెందుకు? సరే, చెప్పు. ఈసారి లక్ష్యం నువ్వే ఎంచుకుని కవర్లో పెట్టి కెప్టెన్ గారికి ఇచ్చావట. పోస్టాఫీసు గోడేనా?”

“చెప్పను.”

“గడియారం స్తంభమా?”

“గద్దలు ఇలా బతిమాలుకోవు మాస్టారూ.”

“ముసలి గద్దలు బతిమాలుకుంటాయి. కానీ, మొదలుపెట్టు.”

“పెద్దదాంతో మొదలుపెట్టి చిన్నదానికి వస్తాను. తూర్పున పొడుగాటి పొగగొట్టం, రొట్టెల కార్ఖానాది. కనిపించిందా?”

“కనిపించింది.”

“దాని కింద ఎర్ర పెంకుల కప్పు?”

“కనిపించింది. వాసన కూడా వస్తోంది.”

“విమానానికి ముక్కుండదండీ.”

“విమానంలో మనిషికి ఆకలుంటుంది. తర్వాత?”

“ఆ కప్పుకి ఎడమవైపు…”

“ఎవరి ఎడమ?”

“అయ్యో!”

“అయ్యో కాదు. నేను పైన గుండ్రంగా తిరుగుతున్నాను. ఇందాక నాకు ఎడమైనది ఇప్పుడు నాకు కుడి. నీ ఎడమ నీకుంది, నా ఎడమ నాకుంది, ఈ రెండెడమల మధ్య బాంబు ఎవరి నెత్తిన పడుతుంది?”

“మన నెత్తినే.”

“రాసుకుంటున్నాను. ఒక తప్పు.”

“ఉత్తరం! ఉత్తరం వైపండీ!”

“ఆలస్యంగా వచ్చినా ఉత్తరమే. కానివ్వు.”

“ఆ కార్ఖానా గోడ చూడండి, ఈ మూల నుంచి ఆ మూలకి. దాని పొడవుని ఒక కొలత అనుకుందాం.”

“ఊఁ. శభాష్ అనను. అనాలని మాత్రం ఉంది.”

“ఇప్పుడు ఉత్తరానికి రెండు కొలతలు. దర్జీ కొట్టు, నీలం షట్టరు.”

“ఒకటి… రెండు… కనిపించింది. షట్టరు సగమే ఎత్తాడు. మిషను లోపలుంది, దర్జీ కాళ్ళు బయటున్నాయి.”

“మీరు సగం షట్టర్లు చూసుకుంటూ ఉంటే ఇంధనం అయిపోతుంది. ఆ కొట్టు పక్కనుంచి పడమరకి ఒక సందు చీలుతుంది. అందులోకి రండి… మాస్టారూ, ఆగారేం?”

“చెయిను ఊడింది.”

“ఊడిందా?”

“ఊడింది. వేస్తున్నాను.”

“నేను దుర్భిణిలో చూస్తూనే ఉన్నాను. సైకిలు దిగారు, వంగారు, వేలు పెట్టి చెయిను లాగారు. ఊడలేదండీ, ఊడదీశారు.”

“ఊడిందన్నాను. ఎలా ఊడిందని నువ్వు అడగలేదు.”

“మాస్టారూ!”

“చేతికి నూనె అంటింది. తుడుచుకోవాలి. తుడుచుకుంటున్నాను.”

“ఒక్క చేతిని ఎంతసేపండీ? పదకొండు నిమిషాలే ఉన్నాయి.”

“వస్తున్నాను, వస్తున్నాను. ఎక్కాను. తొక్కుతున్నాను.”

“అటు కాదు! సందు దాటేశారు!”

“విమానాలు ఉన్నట్టుండి ఆగవు.”

“మేక మిమ్మల్ని దాటిపోయింది మాస్టారూ. వెనక్కి తిరగండి. దర్జీ కొట్టు పక్క సందు.”

“ఆ సందులో నీళ్ళు నిలిచాయి.”

“చారెడు. గద్ద కాళ్ళు తడుస్తాయా?”

“కుక్క ఒకటుంది.”

“నిద్రపోతోంది.”

“నిద్రపోయే కుక్కలు లేస్తాయి అమ్మాయ్.”

“మీరు ఇంకో మాట కూడా అనొచ్చు కదా. ‘సందు కనిపించలేదు’ అని. ఆ ఒక్క మాటతో నన్ను ఫెయిలు చేసి హాయిగా వెళ్ళి టీ తాగొచ్చు. ఎందుకనరు? నేను చెప్పనా? మీ నోటికి అబద్ధం రాదని స్కూలంతా తెలుసు. పోయిన నెల తనిఖీకి వచ్చిన పెద్దాఫీసరు ‘నా ప్రసంగం ఎలా ఉంది’ అంటే మీరేమన్నారు?”

“పొడుగ్గా ఉందన్నాను.”

“అందుకే చెయిన్లు ఊడదీస్తున్నారు, చేతులు తుడుస్తున్నారు, కుక్కల నిద్ర గురించి బెంగపడుతున్నారు. అన్నీ నిజాలే. అడిగినదానికి మాత్రం జవాబు కాదు.”

“నిన్ను స్టోర్సులోంచి తీసుకొచ్చి నా క్లాసులో వేసినవాణ్ణి అనాలి.”

“స్టోర్సు మాట మీరే ఎత్తారు కాబట్టి చెప్తాను. అక్కడ అటక మీద మన స్కూలు పరీక్ష రిజిస్టర్లు ఉన్నాయి, మూడేళ్ళవి. దుప్పట్లు అయిపోయాక అవి తిరగేసేదాన్ని. రెండొందల పద్నాలుగు లక్ష్యాలు. ఊరి పటం పరిచి ఒక్కోదానికి ఒక్కో ఎర్ర చుక్క పెట్టాను. పటం నిండా తట్టు పోసినట్టు చుక్కలే. ఒక్క సందులో మాత్రం ఒక్క చుక్క కూడా లేదు.”

“అలాగా.”

“లక్ష్యాలు ఎంచేది ఎవరండీ?”

“నేనే.”

“చివరి పరీక్షకి మా లక్ష్యం మమ్మల్నే ఎంచుకోనివ్వమని కెప్టెన్ గారిని అడిగిందెవరో తెలుసా?”

“ఇప్పుడు తెలుస్తోంది.”

“తొమ్మిది నిమిషాలు మాస్టారూ.”

“అమ్మాయ్, విను. ఇంకో లక్ష్యం ఎంచుకో. గడియారం స్తంభం ఎంత చక్కగా ఉంటుంది! రెండు మాటల్లో చూపించెయ్యొచ్చు. నేను ఒక్క మాటలో పాసు చేసేస్తాను. రేపు లారీ ఎక్కేస్తావు.”

“కింద పదిమంది నేలకి అంటుకుపోయి మీ కోసం ఎదురుచూస్తుంటే, ఈ లక్ష్యం నాకు నచ్చలేదు, ఇంకోటి చెప్పండి అని గద్ద అంటుందా? క్లాసులో బల్ల గుద్ది మరీ చెప్పారు: ‘పిలిచిన చోటికి వెళ్ళాలి, వెళ్ళాలనిపించిన చోటికి కాదు.’”

“నా మాటలు నా మీదే విసురుతున్నావు.”

“గుండ్రంగా తిరిగేవాళ్ళకి అంతేనండీ.”

“…సందులోకి వచ్చాను. నీళ్ళు చారెడే. కుక్క లేవలేదు.”

“బంగారం మాస్టారు! దక్షిణం వైపు వరసలో మందుల షాపు ఉంది, గాజు తలుపులు.”

“ఉంది.”

“దాని తర్వాత మేడ మీద దుప్పట్లు ఆరేశారు. మూడు తెల్లవి, ఒకటి గళ్ళది.”

“స్టోర్సు బుద్ధి పోనిచ్చుకోలేదు. ఉన్నాయి.”

“ఆ గళ్ళ దుప్పటికి ఎదురుగా, వీధికి ఉత్తరం వైపు, ఒకే అంతస్తు ఇల్లు. ముందు మూడు మెట్లు. మెట్ల పక్కనే ఏటవాలుగా సిమెంటు దారి, చక్రాల కుర్చీ దిగేటట్టు. తలుపు ఆకుపచ్చ. అదీ లక్ష్యం. కనిపించిందా?”

“ఎండగా ఉంది.”

“ఎండ మీ వీపు మీద ఉందండీ.”

“ఎండగా ఉందన్నాను, కళ్ళలో పడుతోందనలేదు.”

“కనిపించిందా మాస్టారూ?”

“ఆకుపచ్చల్లో చాలా రకాలుంటాయి. చిలకాకుపచ్చ, పాచి ఆకుపచ్చ…”

“ఏడు నిమిషాలు.”

“ఆ వరండాలో కూర్చున్నాయన ఎవరో నీకు తెలుసా అమ్మాయ్?”

“తెలుసు. మీకు తెలుసా?”

“అందుకే అడుగుతున్నాను, ఇంకోటి ఎంచుకో అని.”

“తెలుసా, తెలియదా?”

“తెలుసు. పట్టుకుంటే వదలవు కదా నువ్వు! తెలుసు. పందొమ్మిదేళ్ళ కింద నేను నిజం విమానమే నడిపేవాణ్ణి. ఆయన కొండవాలులో దళంతో ఉండేవాడు, నీ ఉద్యోగమే. రేడియోలో ఆయన పేరు గూడు, నా పేరు గద్ద. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు, గొంతులే. రెండు నెలలు రోజూ పొద్దున్నే కొట్లాడుకునేవాళ్ళం. ‘ఏం గద్దన్నా, ఇవాళ మబ్బులు మీ అత్తగారిల్లా, దిగిరావేం?’ అనేవాడు.”

“తర్వాత?”

“తర్వాత ఒకరోజు నేను వేసిన బాంబు శత్రువు మీద పడలేదు. వాళ్ళ మీద పడింది. దళమంతా బండ వెనక ఉంది కనక బతికింది. ఆయన ఒక్కడే నాకు దారి చెప్పడానికి బయట నిలబడ్డాడు. రెండు కాళ్ళూ పోయాయి. విచారణ జరిగింది. బాంబు వెయ్యాల్సిన చోటు అంకెలు ఆయన చదివితే నేను తప్పు విన్నానని రాసి ఇచ్చాను. విమానం తీసేసుకుని సైకిలిచ్చారు. చాలా?”

“రాసి ఇచ్చారు.”

“రాసి ఇచ్చాను.”

“నోటితో చెప్పారా?”

“విచారణలో కాగితమే అడిగారు.”

“ఇప్పుడు నేను అడుగుతున్నాను. ‘అంకెలు తప్పు విన్నాను’ అని నోటితో అనండి. ఒక్కసారి.”

“అమ్మాయ్…”

“మూడే మాటలు మాస్టారూ.”

“చెయిను…”

“ఊడలేదు. రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉన్నాయి. చూస్తున్నాను.”

“…”

“అనలేరు. నాకు తెలుసు.”

“ఎవరు బాబూ అది? ఎండలో సైకిలు పట్టుకుని మా గుమ్మం ముందు మీలో మీరే మాట్లాడుకుంటున్నారు?”

“నేనండీ. పనిమీద… ఇటు వచ్చాను.”

“మళ్ళీ అనండి బాబూ.”

“ఏమనాలండీ?”

“ఏదైనా సరే, అనండి. ఆ గొంతు… ‘పనిమీద ఇటు వచ్చాను’! ఓరి దేవుడా. పందొమ్మిదేళ్ళకి దిగావా గద్దన్నా? మబ్బులు విడిచాయా?”

“…బాగున్నారా?”

“సగం బాగున్నాను. పై సగం. నవ్వొచ్చు, నేనే అన్నాను కదా. బుజ్జి మొత్తానికి పట్టుకొచ్చిందన్నమాట! ‘నాన్నా, పొద్దున్న పదింటికి వరండాలోంచి కదలకు’ అంటే ఏమిటో అనుకున్నాను.”

“బుజ్జి ఎవరండీ?”

“నీ చెవిలో ఉన్నది. మా అమ్మాయి.”

“అమ్మాయ్!”

“ఉన్నానండీ.”

“మీ నాన్నా?”

“నా లక్ష్యం అండీ.”

“మూడు నెలలు నా క్లాసులో మొదటి బెంచీలో కూర్చుని, ఒక్క మాట…”

“మీరు అడగలేదండీ. అడిగితే నేనూ అబద్ధం చెప్పేదాన్ని కాదు.”

“ఏమంటోంది? నాకు వినపడదు కదా. నన్ను తిడుతోందా?”

“మిమ్మల్ని కాదు, నన్ను వాయిస్తోంది. నేను వెళ్తానండీ. పరీక్ష టైము…”

“నిలబడు గద్దన్నా. నేను లేచి పట్టుకోలేను, ఆ ధైర్యంతో పారిపోకు. పందొమ్మిదేళ్ళుగా ఒక మాట గొంతులో పెట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు, శత్రువున్న చోటుని అంకెల్లో చూపించే నా పెట్టెలో బ్యాటరీ అయిపోయింది.”

“వద్దండీ. మైకు తెరిచే ఉంది. ఆఫీసంతా వింటుంది.”

“విననీ. ‘ఆగు, బ్యాటరీ మారుస్తున్నా’ అని నీకు చెప్పి కొత్తది వేశాను. కొత్తది వెయ్యగానే ఆ పెట్టె శత్రువున్న చోటు చూపించదు, మనం నిలబడ్డ చోటే చూపిస్తుంది. తొందరలో ఆ అంకెలే నీకు చదివేశాను. నువ్వు అడిగావు, ‘గూడూ, మళ్ళీ చదువు’ అని. మళ్ళీ అవే చదివాను. మూడోసారి అడిగావు. ‘చెవుడా నీకు’ అని తిట్టాను కూడా.”

“చెవుడు అనలేదు. ‘చెవిలో దూది పెట్టుకున్నావా’ అన్నారు.”

“చూశావా? దూది కూడా సరిగ్గా విన్నావు. అంకెలు తప్పు విన్నావా? ఎందుకు రాశావలా?”

“మీరు ఆస్పత్రిలో ఉన్నారు. బతుకుతారో లేదో చెప్పలేమన్నారు. కాళ్ళు పోయిన మనిషి నెత్తిమీద తప్పు కూడా పెట్టడం… నా చెయ్యి రాయలేకపోయింది. వేరేది రాసింది.”

“నాకు పతకమిచ్చారు గద్దన్నా. నీకు సైకిలిచ్చారు.”

“సైకిలు మంచిదేనండీ. ఊరు చూసొస్తాను రోజూ.”

“మా వీధి తప్ప!”

“ఎదురుపడితే మీరు అడుగుతారని. అడిగితే చెప్పెయ్యాల్సి వస్తుంది. కాగితం మీదైతే ఎలాగో ఒకసారి… నోటితో నా వల్ల కాదు.”

“నాకు స్పృహ వచ్చి, తప్పు నాది అని చెప్పబోతే ఫైలు మూసేశామన్నారు. పోనీ ఆయనెవరో చెప్పండి, కనీసం ఆయన దగ్గర ఒప్పుకుంటాను అంటే, కాగితంలో ‘గద్ద’ అనే ఉందన్నారు. ఎవరిని క్షమాపణ అడగను? ఆకాశంలో గద్ద కనిపించినప్పుడల్లా దండం పెట్టనా? అవి ఆగుతాయా?”

“మరి నేనే అని ఎలా తెలిసింది?”

“క్లాసులో మొదటి రోజు నువ్వేం చెప్పావో బుజ్జి ఇంటికొచ్చి అప్పజెప్పింది. ‘కొత్త బ్యాటరీ వేశాక వచ్చే మొదటి అంకెలు మీ తోడబుట్టినవాళ్ళు అడిగినా చదవకండి.’ ఆ మాట చెప్పడానికి లోకంలో ఇద్దరికే కారణం ఉంది. ఒకణ్ణి నేను. తర్వాత అది పటం తెచ్చి చుక్కలు లేని సందు చూపించింది. ఆ సందులో కూర్చున్నదీ నేనే.”

“మీ అమ్మాయి గట్టిది.”

“వాళ్ళమ్మ పోలిక. రోజూ నన్నే ఫెయిలు చేస్తుంది.”

“మాస్టారూ, మీ ఇద్దరి మధ్య పడి నా పరీక్ష నలిగిపోతోంది. ఒక నిమిషమే ఉంది.”

“ఏమంటోంది?”

“టైమంటోంది. ఒక్క నిమిషం ఆగండి… అమ్మాయ్, విను. గళ్ళ దుప్పటికి ఎదురుగా, ఉత్తరం వైపు. మూడు మెట్లు, పక్కన ఏటవాలు దారి. ఆకుపచ్చ తలుపు, చిలకాకుపచ్చే. కుర్చీ. కుర్చీలో మనిషి. నన్ను చూసి నవ్వుతున్నాడు, కళ్ళు తుడుచుకుంటున్నాడు, రెండూ ఒకేసారి. కనిపించింది తల్లీ. కనిపించింది.”

“పాసా మాస్టారూ?”

“పాసు. ఎడమ అన్నందుకు ఒక మార్కు పోయింది. ఏడుస్తున్నావా?”

“ఊపిరండీ.”

“అయితే రేపు కొండెక్కుతుందన్నమాట.”

“ఎక్కుతుంది. మీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి.”

“ఇష్టం లేకపోతే పదింటికి వరండాలో కూర్చునేవాణ్ణా? భయముంది. అది వేరు. నువ్వు నేర్పావు కనక కొంచెం తక్కువ. రా, మెట్లెక్కు. అమ్మయ్య, సైకిలు గోడకి ఆనించాడు! ఇప్పుడు చెప్పు గద్దన్నా, నీ పేరేమిటి?”

“రేడియోలో పేర్లు పలకమండీ. మీకు తెలియనిదా? అటు అందరూ వింటున్నారు.”

“అందరూ వింటుంటేనే కదా ఇందాక నా తప్పు ఒప్పుకున్నాను. నీ వంతు.”

“అందరూ మాస్టారంటారు.”

“అందరూ ఏమంటారని నేను అడగలేదు. నేను క్షమాపణ అడగాల్సిన మనిషి పేరు అడిగాను.”

“మాస్టారూ, చెప్పండి. నాకూ తెలియదు.”

“చెప్పు అన్నా.”

“సోమసుందరం.”